యూనివర్సిటీ భవనానికి ఆర్కిటెక్టును ఎంచుకోవడం: నోట్ ఫైలు నుంచి సంతకాల దాకా

"కొత్త లైబ్రరీ మంజూరైందండీ. ఆర్కిటెక్టు కోసం టెండరు పిలవాలా, నామినేషన్ మీద, అంటే పోటీ లేకుండా నేరుగా, ఇచ్చేయొచ్చా?" నెలకు ఒకటి రెండు సార్లయినా ఈ ఫోన్ వస్తుంది. అడిగేది ఇంజనీరింగ్ విభాగం వాళ్లు కాదు. బిల్డింగ్ కమిటీ కన్వీనర్ పదవి నెత్తిన పడ్డ ఏ ఫిజిక్స్ ప్రొఫెసరో, కొత్తగా వచ్చిన డిప్యూటీ రిజిస్ట్రారో. యూనివర్సిటీ ఇంజనీరింగ్ సెల్‌లో పనిచేసి రిటైరైనవాడిని కాబట్టి, ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఇఫ్లూ, మనూ లాంటి కేంద్ర విశ్వవిద్యాలయాలకు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017, అంటే జీఎఫ్‌ఆర్, వర్తిస్తాయి. వాటితో పాటు కన్సల్టెన్సీ సేవల కొనుగోలు మీద కేంద్ర ఆర్థిక శాఖ మాన్యువల్ ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు రాష్ట్ర ప్రభుత్వ జీవోలు, సొంత స్టాట్యూట్లు, రాష్ట్ర ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదిక ఉంటాయి. నేను చెప్పే నిబంధనలు మొదటి రకానివి. అడుగుల వరుస మాత్రం రెండుచోట్లా ఒకటే. అంకెలకు సవరణలు వస్తుంటాయి కాబట్టి ఫైలు కదిపే రోజున ఫైనాన్స్ ఆఫీసర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

## 1. అసలు ఆర్కిటెక్టు మీకు విడిగా కావాలా?

భవనం పనిని సీపీడబ్ల్యూడీకో (కేంద్ర ప్రజా పనుల శాఖ), రాష్ట్ర ప్రజా పనుల శాఖకో, ఏదైనా ప్రభుత్వ రంగ నిర్మాణ సంస్థకో అప్పగించే వీలు జీఎఫ్‌ఆర్ 133వ నిబంధనలో ఉంది. అలా అప్పగిస్తే డిజైన్ కూడా చాలాసార్లు వాళ్లే చేయిస్తారు. అప్పుడు మీ పని అవసరాలు రాసివ్వడం, డ్రాయింగులు చదివి ఒప్పుకోవడం వరకే.

కట్టే పని వాళ్లకిచ్చి, డిజైన్‌కు మాత్రం విడిగా సంస్థను పెట్టుకుంటే ఎవరి బాధ్యత ఎక్కడితో ఆగుతుందో ముందే రాసుకోవాలి. లేకపోతే స్లాబు కారిన రోజున ఆర్కిటెక్టు కట్టినవాళ్లను చూపిస్తాడు, కట్టినవాళ్లు డ్రాయింగును చూపిస్తారు. మీరు మధ్యలో బకెట్ పెట్టుకుని నిలబడతారు.

ఈ నిర్ణయం నోట్ ఫైలులో కారణాలతో సహా ఉండాలి. బిల్డింగ్ కమిటీ, ఫైనాన్స్ కమిటీ, పాలక మండలి ఆమోదాలు వచ్చాకే రెండో అడుగు.

## 2. అవసరాల పత్రం: ఇక్కడ రెండు నెలలు పట్టినా పట్టనివ్వండి

ఎంపిక చెడిపోయేది టెండరు తెరిచిన రోజున అనుకుంటారు. నేను చూసినంతవరకు అది ఇక్కడే చెడిపోతుంది. "అయిదు అంతస్తుల అత్యాధునిక అకడమిక్ బ్లాక్" అని ఒక వాక్యం రాసి ప్రకటన ఇచ్చేస్తారు. ఒక్కో సంస్థ ఒక్కో భవనాన్ని ఊహించుకుని ఫీజు కోట్ చేస్తుంది. ఆ ఫీజులను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

మా దగ్గర ఒక సైన్స్ బ్లాకు కట్టారు. ల్యాబుల్లో ఫ్యూమ్ హుడ్లు, అంటే రసాయనాల పొగను బయటికి లాగే గూళ్లు, ఉంటాయని అందరికీ తెలుసు. వాటి గొట్టాలు పైకప్పు దాకా వెళ్లడానికి షాఫ్ట్ కావాలని ఎవరూ రాయలేదు. కెమిస్ట్రీ వాళ్లను కూర్చోబెట్టి అడిగింది మూడు స్లాబులు పడ్డాక. ఆ తర్వాత కాంక్రీటుకు కన్నాలు కొట్టిస్తూ ఒక వేసవి గడిచిపోయింది. తప్పు ఆర్కిటెక్టుది అందామంటే ఆయనకు మేమిచ్చిన కాగితంలో "12 ల్యాబులు" అని మాత్రమే ఉంది.

కాబట్టి ఆ భవనంలో కూర్చోబోయే ప్రతి విభాగం నుంచి గదుల పట్టిక రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఏ గది, ఎంతమందికి, ఎన్ని చదరపు మీటర్లు, ఏ పరికరం, దాని బరువెంత, కరెంటు ఎంత, నీళ్లు, గ్యాసు, ఏసీ కావాలా అన్నది ఉండాలి. విభాగాధిపతి సంతకం తీసుకోండి. ఆయన మారిపోయినా సంతకం ఉంటుంది.

ప్రకటన ఇచ్చే ముందు చేతిలో ఉండాల్సినవి:

- గదుల పట్టిక, మొత్తం విస్తీర్ణం
- స్థలం టోటల్ స్టేషన్ సర్వే: ఎత్తుపల్లాలు, చెట్లు, బండరాళ్లు, పాత కట్టడాలు
- భూమిలో ఉన్న కేబుళ్లు, నీటి పైపులు, డ్రైనేజీ గుర్తించిన పటం
- సాయిల్ టెస్ట్ రిపోర్టు, కనీసం ప్రాథమికమైనది
- భూమి రికార్డులు, కోర్టు కేసులేమైనా ఉంటే వాటి వివరాలు
- మంజూరైన మొత్తం, ఎక్కడి నుంచి వస్తోంది, ఎప్పటిలోగా ఖర్చు చేయాలి
- ఆ స్థలంలో పాత భవనం ఉంటే దాన్ని ఉంచుతారా, తీసేస్తారా అన్న నిర్ణయం

చివరిది చిన్న విషయం కాదు. 2020 డిసెంబరులో అహ్మదాబాద్ ఐఐఎం, ప్రసిద్ధ అమెరికన్ ఆర్కిటెక్టు లూయీ కాన్ డిజైన్ చేసిన హాస్టల్ భవనాల్లో చాలావాటి స్థానంలో కొత్తవి కట్టాలని ఆర్కిటెక్టుల నుంచి ఆసక్తి వ్యక్తీకరణలు పిలిచింది. దేశవిదేశాల నుంచి నిరసన రావడంతో 2021 జనవరి మొదట్లోనే దాన్ని వెనక్కి తీసుకుంది. పాత భవనం మీద వాదన ఉంటే అది ప్రకటనకు ముందే జరగాలి.

సర్వే, సాయిల్ టెస్ట్ ఖర్చును ఆర్కిటెక్టు నెత్తిన వేద్దామనే ఆలోచన ప్రతి కమిటీలోనూ వస్తుంది. వద్దు. వాటిని యూనివర్సిటీ చేయించి అందరికీ ఒకే సమాచారం ఇస్తేనే పోటీ సమానంగా ఉంటుంది.

## 3. పని పరిధి రాయడం

ఒకే సంస్థ ముందుండి మిగతా నిపుణులను తనే తెచ్చుకోవడం యూనివర్సిటీకి సులువు. స్ట్రక్చరల్ ఇంజనీరును మీరు విడిగా పెట్టుకుంటే, ఆర్కిటెక్టు గోడ జరిపిన ప్రతిసారీ ఇద్దరి మధ్య ఉత్తరాలు మోయాల్సింది మీరే.

పరిధిలో తేల్చి రాయాల్సినవి:

- ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, విద్యుత్తు, ప్లంబింగ్, ఫైర్, ఏసీ, ఇంటీరియర్, బయటి రోడ్లు, తోట. వీటిలో ఏవి ఉన్నాయి, ఏవి లేవు
- అనుమతుల డ్రాయింగులు, ఫైర్ ఎన్‌ఓసీ. కట్టాల్సిన ఫీజులు యూనివర్సిటీవే అని స్పష్టంగా రాయాలి
- నిర్మిత విస్తీర్ణం 20,000 చదరపు మీటర్ల దగ్గరికొస్తే పర్యావరణ అనుమతి సంగతి ఎవరు చూడాలి
- వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం ర్యాంపులు, టాయిలెట్లు, లిఫ్టులు
- బీఓక్యూ (ఏ పని ఎంత పరిమాణమో చూపే పట్టిక), అంచనాలు, కాంట్రాక్టరు టెండరు పత్రాలు
- స్ట్రక్చర్ డిజైన్‌ను ఐఐటీ, ఎన్‌ఐటీ లాంటి చోట ప్రూఫ్ చెక్ చేయించే ఖర్చు ఎవరిది
- నిర్మాణ సమయంలో సైటుకు నెలకెన్ని సార్లు, ఎవరు రావాలి

"అవసరమైన అన్ని సేవలు" అన్న మాట రాయకండి. ఆ మాట చూసి తెలివైన సంస్థ ఫీజు పెంచుతుంది, తెలివితక్కువ సంస్థ పెంచదు. రెండో దానితో మీకు మూడేళ్లు తగాదా.

## 4. ఎంపిక పద్ధతి: లెక్క వేసి చూశాకే ఖరారు చేయండి

అతి తక్కువ ధర పద్ధతి కాంపౌండ్ వాల్ డ్రాయింగులకు సరిపోతుంది. లైబ్రరీకి, ల్యాబుకు సరిపోదు.

నామినేషన్ గురించి అడిగేవాళ్లకు ఒకటే జవాబు. నియమం ఉంది, కానీ పూర్తి కారణాలు, తగిన అధికారి ఆమోదం కావాలి. "మా పాత క్యాంపస్ ఆయనే చేశారు" అన్నది ఆడిట్ ముందు నిలబడే కారణం కాదు.

ఎక్కువగా వాడేది నాణ్యత, ధర కలిపి చూసే క్యూసీబీఎస్. ఇందులో నాణ్యత వాటా 80 శాతం మించకూడదని 192వ నిబంధన. చాలామంది 70:30 అని కళ్లు మూసుకుని రాసేస్తారు. ముందు ఒక కాగితం మీద లెక్క వేయండి.

రెండు సంస్థలు వచ్చాయనుకుందాం. మొదటిదానికి సాంకేతిక మార్కులు 90, ఫీజు భవనం ఖర్చులో 4 శాతం. రెండోదానికి 76, ఫీజు 3 శాతం. ఆర్థిక మార్కులు అంటే అతి తక్కువ ఫీజును ఈ సంస్థ ఫీజుతో భాగించి 100తో గుణించినవి. 70:30లో మొదటిదానికి 63 + 22.5 = 85.5. రెండోదానికి 53.2 + 30 = 83.2. మొదటిది గెలిచింది. అదే 50:50 పెట్టి ఉంటే 82.5కు 88. రెండోది గెలిచేది.

ఇప్పుడు మూడో సంస్థ వచ్చింది. మార్కులు 72, ఫీజు 1 శాతం. 70:30లోనే మళ్లీ లెక్క వేస్తే మొదటిదానికి 70.5, రెండోదానికి 63.2, మూడోదానికి 80.4. అందరికంటే బలహీనమైన సంస్థ దాదాపు పది మార్కుల తేడాతో గెలిచేసింది! 70:30 మిమ్మల్ని కాపాడుతుందనుకున్నారు, కాపాడలేదు.

దీనికి మందు మూడు రకాలు:

1. సాంకేతిక అర్హత గీతను 75 దగ్గర పెట్టండి. 72 వచ్చిన సంస్థ ఫీజు కవరు తెరవనే తెరవరు.
2. ఎవరెవరు ఎన్ని నెలలు పనిచేస్తారో పట్టిక అడగండి. అసాధారణంగా తక్కువ ఫీజు వస్తే ఆ పట్టికతో సమర్థించుకోమని అడిగే హక్కు, తృప్తికరంగా లేకపోతే తిరస్కరించే హక్కు ఆర్‌ఎఫ్‌పీలోనే (ప్రతిపాదనలు పిలిచే పత్రంలోనే) రాయండి.
3. ఫీజును మీరే ప్రకటించండి. దీన్ని ఫిక్స్‌డ్ బడ్జెట్ ఎంపిక అంటారు. ఆర్థిక శాఖ 2021 అక్టోబరు సూచనల్లో కన్సల్టెన్సీ సేవలకు దీన్ని అనుమతించింది. ఫీజు అందరికీ ఒకటే కాబట్టి ఎక్కువ సాంకేతిక మార్కులు వచ్చినవాళ్లకే పని.

నన్నడిగితే మూడోదే మేలు. ఆర్కిటెక్టులను నమోదు చేసే చట్టబద్ధ సంస్థ కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ ఫీజు పట్టిక చూసి, మీ పరిధికి తగ్గట్టు అంచనా కట్టి ప్రకటించండి. అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం 1972 నాటి బ్రూక్స్ చట్టం నుంచీ ముందు అర్హతను బట్టి వరుస పెట్టి, తర్వాతే మొదటి స్థానంలో ఉన్నవాళ్లతో ఫీజు మాట్లాడుతుంది. అక్కడి చాలా రాష్ట్రాలు, వాటి ప్రభుత్వ యూనివర్సిటీలు అదే దారి పట్టాయి. మన నిబంధనల్లో ఆ దారికి దగ్గరగా వచ్చేది ఈ ఫిక్స్‌డ్ బడ్జెట్ పద్ధతే.

క్యాంపస్ మొత్తానికి మాస్టర్ ప్లాన్ లాంటి పెద్ద పని అయితే డిజైన్ పోటీ పెట్టొచ్చు. కౌన్సిల్‌కు దానికి విడిగా మార్గదర్శకాలున్నాయి. టైము, డబ్బు, స్వతంత్ర జ్యూరీ మూడూ ఉంటేనే ఆ జోలికి వెళ్లండి.

## 5. ఆసక్తి వ్యక్తీకరణ, వడపోత

జీఎఫ్‌ఆర్ 2017 పాఠం ప్రకారం అంచనా ఫీజు 25 లక్షలు దాటితే ఆసక్తి వ్యక్తీకరణ (ఈఓఐ) ప్రకటన కేంద్ర ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో పెట్టాలి. ఇక్కడ గుర్తుంచుకోండి, 25 లక్షలు ఫీజుకు, భవనం ఖర్చుకు కాదు. వడపోతలో కనీసం మూడు సంస్థలు మిగలాలి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు కాంట్రాక్టరు టెండరు నుంచి అర్హత షరతులు కాపీ కొట్టడం. ఫీజు 60 లక్షల పనికి 10 కోట్ల టర్నోవరు అడుగుతారు. ఆర్కిటెక్టుల ఆఫీసులు చిన్నవి. పదిహేను మందితో మంచి పని చేసేవాళ్లందరూ ఈ ఒక్క షరతుతో బయటికి పోతారు, డ్రాయింగులను ఫ్యాక్టరీలా తీసేవాళ్లు మిగులుతారు. టర్నోవరును ఫీజుతో పోల్చి పెట్టండి, భవనం ఖర్చుతో కాదు. చిన్న, సూక్ష్మ సంస్థలకు ఈఎండీ (బిడ్‌తో పాటు కట్టే ధరావతు) మినహాయింపు ఉందన్నదీ మర్చిపోకండి.

సరిచూడాల్సినవి:

- ఆర్కిటెక్టు కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, అది ప్రస్తుతం చెల్లుబాటులో ఉందా అన్నది. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో మీరే చూడండి, జెరాక్స్ కాగితాన్ని నమ్మకండి
- ఆ రకం భవనాలు పూర్తిచేసిన రుజువు. "చేస్తున్నవి" వేరు, "పూర్తయినవి" వేరు
- స్ట్రక్చర్, సర్వీసుల నిపుణులు రాసిచ్చిన ఒప్పుకోలు ఉత్తరాలు
- బ్లాక్‌లిస్ట్‌లో లేమన్న ప్రకటన, ప్రయోజనాల వైరుధ్యం లేదన్న ప్రకటన

రిజిస్ట్రేషన్ షరతును మీరే పత్రంలో రాసుకోవాలి. ఆర్కిటెక్టుల చట్టం 1972లోని 37వ సెక్షన్ కాపాడేది "ఆర్కిటెక్టు" అన్న బిరుదునే, ఆ పనిని కాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది.

## 6. ఆర్‌ఎఫ్‌పీ, ప్రీబిడ్

పని పరిధి, మార్కుల పట్టిక, అర్హత గీత, ఒప్పందం ముసాయిదా నాలుగూ ఆర్‌ఎఫ్‌పీలోనే ఉండాలి. ఒప్పందాన్ని ఎంపికయ్యాక బయటికి తీస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ప్రీబిడ్ సమావేశం సైటులోనే పెట్టండి. వచ్చిన ప్రశ్నలన్నిటికీ జవాబులు అందరికీ రాతపూర్వకంగా పంపండి. ఒకరికి ఫోన్లో చెప్పిన జవాబు తర్వాత ఫిర్యాదు కాగితమై తిరిగొస్తుంది.

ఉచితంగా కాన్సెప్ట్ డిజైన్ అడగడం మరో జాడ్యం. వడపోతలో నిలిచిన అయిదుగురి చేత త్రీడీ బొమ్మలు వేయించి, రంగులు బాగున్న బొమ్మకు మార్కులు వేస్తారు. బొమ్మ అంటే పని కాదు. కావాలంటే నిలిచినవాళ్లకు కొంత పారితోషికం ఇచ్చి అడగండి. లేదంటే స్థలాన్ని ఎలా అర్థం చేసుకున్నారో, పనిని ఎలా చేస్తారో మాత్రమే అడగండి.

## 7. మూల్యాంకనం

కమిటీలో బయటి ఆర్కిటెక్టు ఒకరు, స్ట్రక్చరల్ ఇంజనీరు ఒకరు, ఫైనాన్స్ ప్రతినిధి, భవనం వాడబోయే విభాగం నుంచి ఒకరు ఉండాలి. సభ్యులందరూ ప్రయోజనాల వైరుధ్యం లేదని మొదటే సంతకం పెట్టాలి.

మార్కులు ఎవరికి వారు వేయాలి. ఛైర్మన్ పైకి చెప్పేస్తే మిగతావాళ్ల పెన్నులు అటే కదులుతాయి. ఇద్దరి మార్కుల్లో పెద్ద తేడా వస్తే కారణం రాయించి మినిట్స్‌లో పెట్టండి.

అన్నిటికంటే పనికొచ్చేది పాత భవనం చూడటం. ప్రతి సంస్థ కట్టించి అయిదేళ్లయిన భవనం ఒకటి ఎంచుకుని ఇద్దరు సభ్యులు వెళ్లండి. వీలుంటే వానాకాలంలో వెళ్లండి. టాయిలెట్లు, మెట్ల కింద, టెర్రస్ చూడండి. అక్కడి వాచ్‌మన్‌తో, ఎలక్ట్రీషియన్‌తో అయిదు నిమిషాలు మాట్లాడండి. ఈ సందర్శనకు మార్కులు కేటాయించిన సంగతి ఆర్‌ఎఫ్‌పీలో ముందే చెప్పి ఉండాలి.

ఆలస్యంగా వచ్చిన ప్రతిపాదన తీసుకోకూడదు. సాంకేతిక ఫలితం ప్రకటించాకే ఆర్థిక బిడ్లు తెరవాలి.

## 8. ఒప్పందం: క్లాజు క్లాజుగా

ఫీజు దేని మీద శాతం? అసలు ఖర్చు మీద శాతం అని రాస్తే భవనం ఖర్చు పెరిగేకొద్దీ ఆర్కిటెక్టు ఆదాయం పెరుగుతుంది. మనుషులు చెడ్డవాళ్లని కాదు, ఆ క్లాజు అటు తోస్తుంది. ప్రాథమిక అంచనా ఆమోదించిన రోజున ఫీజును ఒక స్థిర మొత్తంగా మార్చేయండి. కనీసం పై పరిమితి పెట్టండి. ఒకే డిజైన్ హాస్టల్ బ్లాకులు నాలుగు కడుతుంటే రెండోదాని నుంచి ఫీజు తగ్గాలి.

విడతలు. కౌన్సిల్ చెల్లింపుల పట్టికను ఆధారంగా తీసుకోవచ్చు. అందులో ఒక్కో దశ ముగిసేసరికి అప్పటిదాకా ఇచ్చిన మొత్తం ఇలా పెరుగుతుంది: కాన్సెప్ట్‌కు 10 శాతం, ప్రాథమిక డిజైన్‌కు 20, అనుమతుల డ్రాయింగులకు 35, వర్కింగ్ డ్రాయింగులు, టెండరు పత్రాలకు 45, కాంట్రాక్టరు ఖరారయ్యాక 55. మిగతాది నిర్మాణం సాగేకొద్దీ, చివరి విడత కట్టింది కట్టినట్టు చూపే డ్రాయింగులు ఇచ్చాక. మొదట్లోనే 70 శాతం ఇచ్చేస్తే కట్టేటప్పుడు సైటులో ఆయన కనిపించరు. చివరికే అంతా ఉంచితే చిన్న ఆఫీసు జీతాలివ్వలేక జూనియర్లను మీ పని మీద పెడుతుంది.

విడత పూర్తయిందంటే ఏమిటి? "వర్కింగ్ డ్రాయింగులు" అని వదిలేయకండి. డ్రాయింగుల జాబితా, స్కేలు, ఎన్ని సెట్లు, ఎడిట్ చేయడానికి వీలైన క్యాడ్ ఫైళ్లు ఇవ్వాలా అన్నది అనుబంధంలో పెట్టండి.

మార్పులు. ఆమోదం తర్వాత యూనివర్సిటీ మార్పు అడిగితే అదనపు ఫీజు, సంస్థ తప్పు దిద్దితే లేదు. వీసీ మారినప్పుడల్లా ముఖద్వారం మారుతుంది కాబట్టి ఈ క్లాజు మీకే ఎక్కువ అవసరం.

కీలక వ్యక్తులు. ప్రజెంటేషన్‌కు వచ్చిన సీనియర్ పేరు ఒప్పందంలో ఉండాలి. ఆయన్ను మార్చాలంటే మీ అనుమతి కావాలి, అంతే అర్హత ఉన్నవాళ్లను పెట్టాలి.

యూనివర్సిటీ గడువులు. డ్రాయింగు అందాక ఎన్ని రోజుల్లో జవాబిస్తారో రాయండి. సంస్థ ఆలస్యానికి జరిమానా రాసి, మన ఆలస్యానికి ఏమీ రాయకపోవడం వల్లే సగం తగాదాలు.

కాపీరైట్. డ్రాయింగులను ఈ భవనానికి, దాని మరమ్మతులకు, విస్తరణకు వాడుకునే హక్కు రాయించుకోండి. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లోని ప్రదర్శన భవనం హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017లో కూల్చాక దాని ఆర్కిటెక్టు రాజ్ రేవల్ కోర్టుకెళ్లారు. భవనం యజమాని దాన్ని కూల్చకుండా ఆర్కిటెక్టు ఆపలేడని 2019లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది. కూల్చడం అలా తేలింది కానీ, మీ డ్రాయింగుల మీద ఇంకొకరి చేత అదనపు అంతస్తు వేయించొచ్చా అన్న ప్రశ్నకు ఒప్పందమే జవాబు చెప్పాలి.

పన్నులు, చెల్లింపు. ఫీజు మీద 18 శాతం జీఎస్టీ అదనమా, కలిపా అన్నది కోట్ దశలోనే చెప్పాలి. వృత్తి సేవల టీడీఎస్, వర్తిస్తే జీఎస్టీ టీడీఎస్ మినహాయిస్తామని రాయండి. సంస్థ ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న, సూక్ష్మ సంస్థ అయితే 45 రోజుల్లోగా చెల్లించాలి, దాటితే చట్టప్రకారం చక్రవడ్డీ పడుతుంది. ఈ సంగతి తెలియక ఫైళ్లు టేబుళ్ల మీద నిద్రపోతుంటాయి.

వివాదాలు. పాత ఒప్పందంలోని ఆర్బిట్రేషన్ (కోర్టు బయట ఆర్బిట్రేటరు తీర్పు) క్లాజును యథాతథంగా దించకండి. దాన్ని అలవాటుగా పెట్టొద్దని, పెట్టినా సాధారణంగా 10 కోట్ల లోపు వివాదాలకే పరిమితం చేయాలని ఆర్థిక శాఖ 2024 జూన్‌లో చెప్పింది. ముందు మీడియేషన్, అంటే రాజీ కుదిర్చే ప్రయత్నం, ఆ తర్వాత ఏ ఊరి కోర్టు అన్నది రాసుకోండి.

రద్దు. నిధులు ఆగిపోతే అప్పటివరకు పూర్తయిన విడతలకు చెల్లించి విడిపోయే దారి ఉండాలి. వృత్తిపరమైన తప్పులకు ఇండెమ్నిటీ బీమా, దాని కాలం కూడా ఇక్కడే.

## 9. సంతకాలు పెట్టిన వారంలో

- యూనివర్సిటీ తరఫున ఒకే నోడల్ అధికారి. డీన్ ఒకటి, రిజిస్ట్రార్ ఇంకొకటి చెబితే సంస్థ ఎవరి మాటా వినదు
- అవసరాల పత్రం మీద ఇద్దరూ మళ్లీ సంతకం. ఆ రోజు తేదీతో అది స్తంభించాలి
- సమావేశాల రోజు ఖరారు, మినిట్స్ రెండు రోజుల్లో
- డ్రాయింగు వచ్చిన తేదీ, జవాబిచ్చిన తేదీ రాసే రిజిస్టరు
- ఓడిపోయిన సంస్థల ఈఎండీ ఏదైనా తీసుకుని ఉంటే వెనక్కి
- మార్కుల పట్టికలు, మినిట్స్, ప్రీబిడ్ జవాబులు, సందర్శన ఫొటోలు అన్నీ పేజీ నంబర్లతో ఒకే ఫైలులో

ఆ ఫైలుకు జెరాక్స్ సెట్టు ఒకటి ఇంజనీరింగ్ సెల్‌లో ఉంచండి. సమాచార హక్కు దరఖాస్తు వచ్చేసరికి అసలు ఫైలు ఎప్పుడూ ఆడిట్ వాళ్ల దగ్గరే ఉంటుంది.